వదిన విడదీసిన ఏడు పుస్తకాలు

మా వదినను వీధిలో అందరూ కొలబద్ద అంటారు. వెనకాల కాదు, మొహం మీదే అంటారు. "కొలబద్ద ఉందా లోపల?" అని గుమ్మంలో నిలబడి అడుగుతారు. ఆవిడకు కోపం రాదు సరికదా, "ఉంది, రండి" అంటుంది. బైండింగు పని చేసేవాళ్ళకు అంతకన్నా మంచి పేరు ఉండదట. నాకైతే ఒళ్ళు మండుతుంది. మా ఆయనకు స్వయానా అక్క, నాకు పెద్దాడపడుచు. ఆవిణ్ణి దారినపోయేవాళ్ళు కొలబద్ద అంటే నేనెందుకు ఊరుకోవాలి? అనాలంటే ఇంట్లోవాళ్ళం అనాలి.

ఇంటికి వీధివైపున్న గది ఆవిడ పనిగది. ఒక పొడుగు బల్ల, పెద్ద చక్రంతో తిప్పే కటింగు మిషను, పుస్తకాలను నొక్కి పెట్టే ఇనప ప్రెస్సు, మూలన పిండి జిగురు ఉడికించుకునే స్టవ్వు. గోడకు అట్టల మీద అతికించే రంగురంగుల కాలికో గుడ్డల చుట్టలు. వెనక రెండు గదుల్లో మా కాపురం. పొద్దున్న నా పని తెమలగానే నేనూ వెళ్ళి దబ్బనం పట్టుకుని కుడుతూ కూర్చుంటాను. నా కుట్టు కాస్త వంకర పోతే చాలు, "మరదలా, విప్పు" అంటుంది. అంతే, తిట్టదు. తిట్టినా బాగుండును, నేనూ రెండు అని ఊరుకునేదాన్ని.

ఆవిడకు పెళ్ళి కాలేదు. అడగడానికి ఎవరూ రాక కాదు. వచ్చిన ప్రతివాణ్ణీ ఆవిడ మనసులో కొలబద్ద పెట్టి కొలిచి పంపించేసింది. ఒకాయన మాట్లాడేటప్పుడు పుస్తకం అట్టను మెలిపెట్టాడట, ఇంకొకాయన చదివిన పేజీ గుర్తుకు మూల మడిచాడట. "మూల మడిస్తే మాత్రం ఏమైంది వదినా" అంటే, "నన్నూ అలాగే మడిచి పెడతాడు" అంది. నేను తల పట్టుకున్నాను. నలభై దాటాక సంబంధాల ఊసే లేకుండా పోయింది. మా ఆయన మాత్రం లోలోపల బాధపడేవాడు. ఆవిడ ముందు ఆ మాటెత్తే ధైర్యం మాకిద్దరికీ లేదు.

ఆవిడ చేతి పని ఏదీ బాగోలేదని వెనక్కి రాలేదు. దానికి కారణం ఆవిడకున్న ఒక అలవాటు. కుట్టే ముందు కాగితాలన్నీ వరుస తప్పకుండా ఉన్నాయో లేదో చూస్తుంది. మామూలు పుస్తకాలైతే పేజీ నంబర్లు చూస్తుంది. బైబిలైతే పాట పాడుతుంది. మా చర్చిలో చిన్నపిల్లలకు బైబిల్లోని అరవై ఆరు పుస్తకాల పేర్లూ వరుసగా ఒక పాటగా నేర్పుతారు. మా అందరికీ అది నోట్లో పళ్ళంత సహజం. వదిన ఆ పాట పాడుతూ ఒక్కో పుస్తకం తిప్పుతుంది. పాటా పుస్తకమూ ఒకేసారి పూర్తయితే ఇక దారం అందుకుంటుంది. ఎన్ని బైబిళ్ళకు బట్టలు తొడిగిందో లెక్కలేదు. అన్నీ మా చర్చివాళ్ళవో, మాలాంటి చర్చివాళ్ళవో.

అలాంటి గదిలోకి ఒకనాటి మధ్యాహ్నం సిటీ బస్సు డ్రైవరొకాయన వచ్చాడు. ఖాకీ చొక్కా, భారీ మనిషి, నెమ్మదైన గొంతు. చంటిబిడ్డను పట్టుకున్నట్టు ఒక సంచిని రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. అందులో పెద్ద బైబిలు. అట్ట ఊడిపోయింది, మడతలన్నీ తెగిపోయి ఏ కాగితానికాకాగితం విడిపోయింది.

"ఏవండీ, ఇది బాగవుతుందా?" అన్నాడు.

"బాగవని పుస్తకం లేదండీ. ఎప్పటికి కావాలి?"

"వచ్చే నెల మొదటి ఆదివారం మా అమ్మ పుట్టినరోజు. ఆవిడకు ఎనభై నిండుతాయి. ఇది మా నాన్నది. అంచుల్లో ఆయన పెన్సిలు గుర్తులున్నాయి, అవి పోకుండా చూడండి."

ఆ ఒక్క మాటతో ఆయన మా వదిన కొలతలో సరిపోయాడని నాకు అప్పుడే తెలిసింది. రసీదుతో పాటు ఆవిడ తన దగ్గరుంచుకోవాల్సిన నకలు కూడా చింపి ఆయన చేతిలో పెట్టింది. నేను చూడనట్టు దారం ఎక్కించుకున్నాను.

మర్నాడు పాట మొదలైంది. నేను కుడుతూ వింటున్నాను. నెహెమ్యా దాకా సాఫీగా వచ్చి టక్కున ఆగింది.

"మరదలా, నెహెమ్యా తర్వాత ఎస్తేరు కదూ?"

"అవును."

"ఇక్కడ తోబీతు అని ఉంది. ఎవరీ తోబీతు?"

"నాకేం తెలుసు. మన చర్చికి ఎప్పుడూ రాలేదు."

తర్వాత యూదితు వచ్చింది. ఇంకా ముందుకెళ్తే మక్కబీయులని రెండు పుస్తకాలు, జ్ఞానగ్రంథాలని రెండు, బారూకని ఒకటి. పాటలో ఎక్కడా లేనివి. ఎస్తేరూ దానియేలూ మామూలుకన్నా లావుగా ఉన్నారని కూడా ఆవిడ గమనించింది, కాని వాళ్ళ పేర్లు పాటలో ఉన్నాయి కాబట్టి వదిలేసింది.

మా గదిలో అలాంటి చిక్కులు కొత్తకాదు. అంతకుముందోసారి ఒక లాయరుగారి పుస్తకం మధ్యలో వంటల పుస్తకం కాగితాలు దొరికాయి. పాత బైండరెవడో ఒళ్ళు తెలియకుండా కుట్టిపారేశాడు. ఇదీ అదే బాపతని వదిన తేల్చేసింది. ఆ పాత బైబిల్లో ఒక్కో పుస్తకం కొత్త కాగితం మీద మొదలవుతుంది, కాబట్టి తీసెయ్యడం సులువైంది. పాటలో లేని ఏడింటినీ పక్కకు తీసి, మిగిలినదాన్ని పెన్సిలు గుర్తులకు దెబ్బ తగలకుండా అంచుల్ని తాకీ తాకనట్టు కోసి, నల్ల కాలికోతో రాజాలా తయారుచేసింది. పక్కకు తీసినవాటి అంచుల్లో పెన్సిలు గుర్తులేమీ లేకపోయినా పారెయ్యడానికి మనసొప్పలేదు. మిగిలిపోయిన ఎర్ర గుడ్డతో వాటినీ ఒక చిన్న పుస్తకంగా కుట్టి, మిషనులో పెట్టి నాలుగు పక్కలా కోసి, చేతిలో ఇమిడేంత ముద్దుగా చేసింది. దానికి డబ్బులు కూడా వద్దనుకుంది. అంత ఆపేక్షగా ఆవిడ ఎవరికీ ఏదీ చెయ్యడం నేను చూడలేదు.

గడువుకు వారం ముందే డ్రైవరుగారు వచ్చాడు. వీధి చివర బస్సు ఆపి పరుగున వచ్చాడు, వెనక ప్యాసింజర్లు గోల చేస్తున్నారు. "ఇది మీ బైబిలండీ. ఇది అందులో దూరిపోయిన వేరే పుస్తకం, విడిగా కుట్టాను" అని వదిన చెబుతూనే ఉంది, ఆయన రెండూ అందుకుని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం సాయంత్రం దాకా ఆ పాటే కూనిరాగం తీస్తూ తిరిగింది.

మర్నాడు ఆయన మళ్ళీ వచ్చాడు. ఆ మొహం చూడగానే నేను దబ్బనం పక్కన పెట్టాను. రెండు పుస్తకాలనూ బల్ల మీద పెట్టాడు. అరవలేదు. అరిచేవాళ్ళకు సమాధానం చెప్పడం నాకు బాగా వచ్చు, ఇలాంటివాళ్ళతోనే చావు.

"మా అమ్మకు చూపు సరిగ్గా ఆనదండీ. ఒళ్ళో పెట్టగానే, ఇది నాది కాదురా, నాది ఇంత తేలిక కాదు అంది. తిప్పి చూస్తే తోబీతు లేదు. పొద్దుటినుంచీ అమ్మ ఏమీ తినలేదు."

"అది వేరే పుస్తకమండీ" అంది వదిన. "బైబిల్లో అరవై ఆరే. కావాలంటే పాడతాను." నిజంగానే మొదలుపెట్టింది. నేను ఆవిడ చెంగు పట్టి లాగాను.

ఆయన పాట మధ్యలో మెల్లిగా అన్నాడు. "మేం క్యాథలిక్‌లమండీ. మా బైబిల్లో మీకన్నా ఏడు ఎక్కువ. ఎస్తేరు, దానియేలు పుస్తకాలు కూడా మాకు పెద్దవి."

వదిన పాట ఆగింది. ఆవిడ బదులు నేను అందుకున్నాను. "అయితే ఆ ముక్క ముందే చెప్పాలి కదండీ."

"బైబిలు తెచ్చి, ఇది బైబిలు అని చెప్పాలని నాకు తోచలేదమ్మా."

నేను స్టూలు ఆయన వైపు జరిపాను.

ఆ తర్వాత ఆయన స్టూలు మీద కూర్చుని తోబీతు సంగతి చెప్పాడు. వాళ్ళమ్మకు వయసులో ఉండగా పెళ్ళి కుదిరిన ఇద్దరూ పెళ్ళికి ముందే పోయారట. ఒకాయన జ్వరంతో, ఇంకొకాయన పడవ మునిగి. ఆ తర్వాత ఆ గుమ్మం ఎక్కినవాడు లేడు. వాళ్ళ నాన్న ఈ తోబీతు కథ చదివాడు. అందులో ఒక పిల్లకు ఏడుగురు పెళ్ళికొడుకులు పోతారు, ఎనిమిదోవాడు దేవుడి మీద భారం వేసి ఆమెను చేసుకుని నిక్షేపంలా బతుకుతాడు. "ఏడుగురు పోయిన పిల్లకు వాడు భయపడనప్పుడు, ఇద్దరు పోయిన పిల్లకు నేను భయపడ్డం ఏమిటని ఈ బైబిలు చంకలో పెట్టుకుని మా నాన్న వాళ్ళింటికి వెళ్ళాడండీ. ఈ కథ లేకపోతే నేను లేను. ఏటా పుట్టినరోజుకు అమ్మకు ఇది మొదటినుంచీ చివరిదాకా చదివి వినిపించాలి."

"ఆ ఎర్ర పుస్తకంలోంచి చదవచ్చు కదండీ, కథ ఎక్కడికీ పోలేదు కదా" అన్నాను.

"చదవచ్చమ్మా. కాని అమ్మ అంటోంది, మీ నాన్న తెచ్చింది ఒక పుస్తకం, రెండు కాదు, ఆయన్నీ నన్నూ కలిపిన కథను బయటికి తోసేస్తే మా పెళ్ళినే తోసేసినట్టు కాదా అని."

వదిన రెండు పుస్తకాలనూ తన వైపు లాక్కుంది. "ఆదివారానికి ఒక్కటి చేసి ఇస్తాను" అంది. ఆయన వెళ్ళాక కటింగు మిషను చక్రం దగ్గర నేలమీద చతికిలబడింది. ఏమిటంటే చెప్పింది. ఎర్ర పుస్తకం కాగితాలు బాగా చిన్నవిగా కోసేసింది. వాటికి సరిపోవాలంటే పెద్ద బైబిలును కూడా కొయ్యాలి, కోస్తే ఆ నాన్నగారి పెన్సిలు గుర్తులన్నీ పోతాయి. కోసిన కాగితం మళ్ళీ పెరగదు. వదిన ఏడవడం నేను మొదటిసారి చూశాను. నాకూ ఏడుపొచ్చింది, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి మా ఆయన మీద అరిచాను.

మా పాస్టరుగారికి ఫోను చేశాను. ఆయన నవ్వాడు. "పాత నిబంధనను పూర్వం గ్రీకులో చదువుకున్నవాళ్ళ దగ్గర ఈ పుస్తకాలు ఉండేవమ్మా. యూదుల హీబ్రూ జాబితాలో లేవు. క్యాథలిక్కులు వాటిని ఉంచుకున్నారు, మనవాళ్ళు హీబ్రూ జాబితా పట్టుకున్నారు. ఏమీ భయం లేదు, చదవమను, మంచి కథలు" అన్నాడు. వదినకు చెబితే కళ్ళు తుడుచుకుంది. "కథల సంగతి తర్వాత. ముందు ఆ కాగితాల్ని పెంచాలి" అంది.

పెంచింది. ఒక్కో చిన్న కాగితానికి చుట్టూ నాలుగు సన్నటి కాగితపు పట్టీలు అతికించి పెద్ద కాగితమంత చెయ్యడం. పట్టీలు కొత్త కాగితానివైతే పాతదాని పక్కన తెల్లగా పళ్ళికిలిస్తాయి. అందుకని వాటిని టీ డికాషనులో ముంచి ఆరబెట్టాలి. నేను ఇంట్లో ఉన్న అతి పెద్ద గిన్నెలో పాలూ చక్కెరా లేకుండా టీ కాచాను. మా ఆయన పనినుంచి వచ్చి, అడక్కుండా ఒక గ్లాసు ముంచుకుని తాగి, "ఏమిటే ఇవాళ టీ ఇలా తగలడింది" అన్నాడు. అందులో అప్పటికే సగం రీము కాగితం స్నానం చేసిందని నేను చెప్పలేదు.

ఇల్లంతా తాళ్ళు కట్టి గోధుమరంగు పట్టీలు ఆరేశాం. డ్రైవరుగారు డ్యూటీ దిగగానే వచ్చేవాడు. ఆయనకూ పెళ్ళి కాలేదట, ఇంట్లో అమ్మా తనే. ఆ లావాటి చేతుల్తో పట్టీ పట్టుకుంటే చిరుగుతుందని నేను బెదిరిపోయాను గాని, స్టీరింగు తిప్పిన చెయ్యి ఎంత మెత్తగా ఉండగలదో అప్పుడే చూశాను. వదిన జిగురు రాసేది, ఆయన అంచులు కలిపి పట్టుకునేవాడు. ఇద్దరి తలలూ ఆ కాగితం మీదికి వంగి ఉండేవి. నేను కుట్టడం మానేసి వాళ్ళనే చూస్తూ వేలు పొడుచుకున్నాను.

అతికించాలంటే వరుస తెలియాలి, కోతలో పేజీ నంబర్లు పోయాయి కాబట్టి వరుస తెలియాలంటే చదవాలి. అలా వదిన తోబీతులో పడింది. తోబీతు కొడుకు, ఆ ఎనిమిదో పెళ్ళికొడుకు కాబోయే కుర్రవాడు, దూరప్రయాణం బయల్దేరాడు, తోడు వచ్చినవాడు దేవదూత, ఆ సంగతి కుర్రవాడికి తెలియదు. ఒకచోట ఆవిడ పకపకా నవ్వింది.

"మరదలా, వాళ్ళ వెంట కుక్క కూడా బయల్దేరిందట."

"బైబిల్లో కుక్కా? ఊరికే వెంట వెళ్ళడానికా?"

"ఊరికే. పనేం లేదు దానికి."

"నాకు చిన్నప్పటినుంచీ ఆ కుక్కంటేనే ఇష్టమండీ" అన్నాడు డ్రైవరుగారు. ఇద్దరూ కలిసి నవ్వారు. మా వదిన పనిలో ఉండగా నవ్వితే జిగురు చెదురుతుందని నన్ను ఎన్నిసార్లు కసిరిందో నాకే తెలుసు. అయినా నాకు కడుపు నిండినట్టయింది.

శనివారం సాయంత్రం ఆఖరి కుట్టు పడింది. ఈసారి కుట్టే ముందు వదిన పాట పాడలేదు. డ్రైవరుగారు వాళ్ళ చర్చినుంచి ఇంకో బైబిలు తెచ్చి పక్కన పెట్టి పేర్లు చదివాడు, ఆవిడ ఒక్కొక్కటీ చూసుకుంది. ప్రెస్సులో పెట్టి పిడి తిప్పి బిగించేటప్పుడు ఆవిడ పెదాలు కదులుతుంటే చూశాను, ప్రార్థన చేసుకుంటోంది.

ఆదివారం మమ్మల్నీ భోజనానికి పిలిచారు. రెండో అంతస్తులో చిన్న ఇల్లు, నిండా జనం, కిటికీ పక్క కుర్చీలో పెద్దావిడ. సన్నగా, నిటారుగా, రాణీగారిలా కూర్చుంది. ముందుగా పరలోక ప్రార్థన మొదలుపెట్టారు. మాకూ వచ్చు కదా అని నేనూ మా ఆయనా వదినా గొంతు కలిపాం. కీడునుంచి తప్పించమనే చోట వాళ్ళంతా ఆమెన్ అని ఆగిపోయారు. మా ముగ్గురి బైబిల్లో అక్కడ ఇంకో వాక్యం ఉంది. రాజ్యం, మహిమ అంటూ మేం ముగ్గురమే నిండు గదిలో బస్సు దిగడం మరిచిపోయినవాళ్ళలా ముందుకు వెళ్ళిపోయాం. మా ఆయన మధ్యలోనే నోరు మూసుకున్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆగిపోయారేం? ఉన్నదంతా చెప్పండి, వింటాం" అంది పెద్దావిడ. మేం చెప్పాం. "బావుంది" అని ఆవిడ మళ్ళీ ఆమెన్ అంది, గదంతా అంది.

అప్పుడు డ్రైవరుగారు బైబిలు తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టాడు. వదిన నా చెయ్యి పట్టుకుంది. పెద్దావిడ ముందు రెండు చేతులతో బరువు చూసింది. అట్ట నిమిరింది. తర్వాత బొటనవేలితో అంచు వెంబడి మెల్లిగా తడుముకుంటూ పోయింది. ఒకచోట వేలు ఆగింది. పట్టీలు అతికించిన కాగితాలు మిగతావాటికన్నా కాస్త దళసరిగా, గట్టిగా ఉంటాయి, ముందునుంచి వస్తే అవి మొదట తగిలేది అక్కడే. ఆవిడ అక్కడ వేలు దూర్చి తెరిచింది.

"ఇదేనారా?" అంది.

కొడుకు వంగి చూశాడు. "ఇదేనమ్మా. తోబీతే."

"చూపు మందగించినప్పటినుంచీ ఇది ఎక్కడుందో నీ చేత వెతికించుకుంటున్నాను. ఇప్పుడు నాకు నేనే దొరికించుకున్నాను." ఆవిడ మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే చోటు. చిన్నపిల్లలా నవ్వింది. "ఎవరమ్మా చేసింది? ఇలా రా. నువ్వే చదవాలి ఇవాళ."

వదిన వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చదివింది. మా చర్చిలో చదివినట్టే చదివింది, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా. పిల్లలు కూడా అల్లరి మానేసి విన్నారు. ప్రయాణం అయింది, పెళ్ళి అయింది. ఆ పెళ్ళిరాత్రి భార్యాభర్తలిద్దరూ మోకరించి, తాము ఇద్దరూ కలిసి ముసలివాళ్ళయ్యేదాకా బతకనివ్వమని దేవుణ్ణి అడిగే చోటికి వచ్చింది. అక్కడ మా వదిన గొంతు ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది, మాట రాలేదు.

వెనక నిలబడ్డ డ్రైవరుగారు పుస్తకం చూడకుండా ఆ వాక్యం చెప్పాడు. పూర్తిగా, చివరిదాకా, ఆవిడ వైపే చూస్తూ చెప్పాడు.

పెద్దావిడ అంది, "మీ నాన్న కూడా నన్నడగడానికి వచ్చి ఇది చదువుతూ సరిగ్గా ఇక్కడే ఆగిపోయాడురా. మా ఇంట్లో, మా నాన్న ఎదుట. మిగతాది నేను చెప్పాను."

డ్రైవరుగారి మొహం జేవురించింది. "అమ్మా, ఆవిణ్ణి అడగనా?"

"నన్నడుగుతావేం, ఆవిడ ఎదురుగానే ఉందిగా."

ఆయన వచ్చి వదిన ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. అంత మనిషి కూర్చునేసరికి బల్ల జరపాల్సివచ్చింది. "మన బైబిళ్ళు వేరు, చర్చిలు వేరు. ఇంత వయసొచ్చాక ఇదేమిటని జనం అంటారు. అయినా మీకు ఇష్టమేనా అండీ?"

ఏ సంబంధం వచ్చినా ఆవిడ వంక పెట్టడానికి ఏదో ఒకటి దొరికేది.

"నాకు ఇష్టమేనండీ" అంది వదిన. కళ్ళు తుడుచుకుని, వేలితో వాక్యం వెతుక్కుని, మిగతా కథ చదవడం మొదలుపెట్టింది. మా ఆయన అక్కడే అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నాకు సిగ్గేం లేదు. కథ అయ్యాక భోజనాలకు లేచారు. డ్రైవరుగారు పళ్ళేలు పంచుతూ నా దగ్గరికొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు, నేనేమంటానో అని.

"నాకు కాస్త ఎక్కువ వడ్డించు అన్నయ్యా" అన్నాను.